పెద్దల ధారణకు పృచ్ఛకులు కావాలి

(సంఘ వార్షికోత్సవ సందర్భంగా వఫ్రాలో జరిగిన శీతాకాల సమావేశంలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

ఈనాటి నా మాటలు ప్రధానంగా ఈ దేశంలో పుట్టి పెరిగిన, లేదా పసితనంలోనే ఇక్కడికి వచ్చి పెరిగిన యువతీయువకుల కోసం. వార్షికోత్సవ వేళ వ్యాధుల ప్రస్తావన ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఉత్సవమంటే పదిమంది కూడుకోవడం. ఆ కూడిక కరువైనప్పుడు వయసు మళ్ళిన మనిషి మేధస్సుకు ఏమవుతుందో తెలిస్తే, మనం ఈ ఉత్సవాన్ని ఎందుకు జరుపుకుంటున్నామో మరింత స్పష్టమవుతుంది. అందుకే ఈ విషయాన్ని ఎంచుకున్నాను.

మనం కూర్చున్న ఈ వఫ్రా కువైట్ దేశపు దక్షిణపు కొసన, సౌదీ సరిహద్దుకు చేరువగా ఉన్నది. ఉత్తరాన అబ్దలీ, దక్షిణాన వఫ్రా, ఈ రెండూ ఈ ఎడారి దేశానికి కూరగాయల తోటలు. చలికాలంలో నగరం నుంచి వనభోజనానికి వచ్చే మనకు ఇది ఒక పూట పచ్చని విడిది. ఇక్కడి మజ్రాలలో టమాటా, కీరదోస పండిస్తూ, పశువులను కాస్తూ బతికే మనవారికి ఇది ఏడాది పొడవునా ఉండే చోటు. వారిలో కొందరికి పొద్దు గూకాక తెలుగులో పలకరించే మనిషి ఆ చుట్టుపక్కల ఉండడు. ఆ సంగతి మనసులో ఉంచుకుని నా మాటలు వినవలసిందిగా కోరుతున్నాను.

పెద్దల ఒంటరితనం అనగానే ఊళ్ళోని ముసలితల్లి ఒక్కతే మన కళ్ళముందు మెదులుతుంది. నిజానికి కువైట్ తెలుగువారి ఇళ్ళలో అది మూడు రూపాలలో ఉన్నది.

మొదటిది ఊళ్ళో మిగిలినవారిది. రాయచోటి, రాజంపేట, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచీ, అటు కోనసీమ, నరసాపురం ప్రాంతాల నుంచీ దశాబ్దాలుగా మనవారు ఈ దేశానికి వస్తున్నారు. ఇక్కడి దీనార్లతో అక్కడ మేడలు లేచాయి. ఒక గదిలో అవ్వాతాతా ఉంటారు, తక్కిన గదులకు తాళాలు ఉంటాయి. పాత పెంకుటింటికి వీధి అరుగు ఉండేది, దారిన పోయేవారు కూర్చుని రెండు మాటలాడి పోయేవారు. కొత్త ఇంటికి ప్రహరీ, ఇనుప గేటు వచ్చాయి. ఇల్లు పెరిగింది, మాట తగ్గింది.

రెండవది మన ఫ్లాట్లలో ఉండేవారిది. అబ్బాసియాకో, సాల్మియాకో, మంగాఫ్‌కో కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వచ్చిన పెద్దావిడ నలుగురి మధ్యనే ఉంటుంది. ఉదయం ఆరింటికి పిల్లలు బడికి, ఏడింటికి పెద్దలు పనికి వెళ్ళాక, మధ్యాహ్నం దాకా ఆమెకు తోడు టీవీ. 2016 జూలై 21న ఈ దేశంలోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అలాంటి ఎండలున్న చోట వేసవిలో ఆమె గడప దాటలేదు. దాటినా, కింద దుకాణంలో మాట్లాడే భాష ఆమెకు రాదు. సాయంత్రం మనుమలు ఇంటికి వస్తారు. వారి నోట ఇంగ్లీషు, హిందీ, కొంత అరబ్బీ పలుకుతాయి. తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. అందరి మధ్యా ఉండి కూడా ఆమె ఒంటరే.

మూడవది ఇక్కడే పనిచేస్తూ వయసు పైబడినవారిది. ఇరవై, ముప్ఫై ఏళ్ళు మజ్రాలోనో, డ్రైవరుగానో, ఇంటిపనిలోనో గడిపి, అకామా ముగిసి ఊరికి చేరిన మనిషి అక్కడ కొత్తవాడు. ఆయన లేకుండానే కుటుంబం తన అలవాట్లను ఏర్పరచుకున్నది. ఈడువారిలో కొందరు పోయారు. గది తమ్ముళ్ళు, శుక్రవారపు స్నేహాలు ఇక్కడే మిగిలిపోయాయి. ఆయన డబ్బు ఊరికి ఎన్నోసార్లు వెళ్ళింది గాని, ఆయన మాత్రం రెండేళ్ళకొకసారి వచ్చిన చుట్టమే.

ఇప్పుడు వైద్యశాస్త్రం చెప్పే మాట విందాం. డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. మెదడులోని కణాలు క్రమంగా దెబ్బతిని జ్ఞాపకం, భాష, లెక్క, నిర్ణయశక్తి ఒకదాని వెనుక ఒకటి సన్నగిల్లే స్థితి. దానికి కారణమయ్యే వ్యాధులలో ముఖ్యమైనది ఆల్జైమర్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో 5.7 కోట్ల మంది ఈ స్థితితో జీవిస్తున్నారు. భారతదేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఉంటారని 2023లో ప్రచురితమైన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది.

లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఒక నివేదిక ఇచ్చింది. మనం మార్చుకోగల 14 కారణాలను అది గుర్తించింది. ఆ కారణాలన్నింటినీ తొలగించగలిగితే ప్రపంచంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించవచ్చు, లేదా వాయిదా వేయవచ్చు. అధిక రక్తపోటు, మధుమేహం, పొగతాగడం, చూపు మందగించడం, వినికిడి తగ్గడం, దిగులు వ్యాధి వంటివాటితో పాటు ఆ జాబితాలో సాంఘిక ఏకాకితనం కూడా ఉన్నది. దాని వాటా 5 శాతం. వినికిడి లోపానిది 7 శాతం. ఈ రెండూ వేరువేరుగా లెక్కించినా ఇంట్లో అవి జంటగానే కనిపిస్తాయి. వినపడనివాడు మాట తగ్గించుకుంటాడు, మాట తగ్గినవాడిని నలుగురూ వదిలివేస్తారు.

ఇక్కడ రెండు మాటల తేడా గమనించాలి. మనుషుల రాకపోకలు, మాటామంతీ తక్కువైన స్థితి ఏకాకితనం. నాకెవరూ లేరన్న బాధ ఒంటరితనం. ఒకటి బయటి లెక్కకు అందుతుంది, రెండవది లోపలి అనుభవం. పూజగదిలో ఏకాంతాన్ని కోరుకునే తాతగారికి ఒంటరితనం ఉండకపోవచ్చు. పదిమంది ఉన్న ఫ్లాట్‌లో అమ్మమ్మకు ఉండవచ్చు. రెండింటినీ విడివిడిగా అడిగి తెలుసుకోవాలి.

ఏకాకితనం మెదడును ఎలా బాధిస్తుంది? సంభాషణ చూడటానికి తేలిక. ఎదుటివారి మాట వినాలి, అర్థం చేసుకోవాలి, వారి మనసు గ్రహించాలి, తగిన మాట వెతుక్కోవాలి, అనరాని మాట ఆపుకోవాలి, మొదలుపెట్టిన కథ ఎక్కడ ఉన్నదో గుర్తుంచుకోవాలి. ఇన్ని పనులు ఒక్క క్షణంలో జరుగుతాయి. జీవితమంతా చదువు, వృత్తి, భాషలు, మనుషుల కలయిక ద్వారా మెదడు కూడబెట్టుకునే బలం ఒకటి ఉన్నది. గాదెలోని ధాన్యంలా అది కరువుకాలంలో ఆదుకుంటుంది. వ్యాధి మొదలైనా మనిషి చాలాకాలం నిలదొక్కుకోవడానికి ఆ నిల్వే కారణమని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. మాట కరువైతే ఆ గాదెకు కొత్త గింజ చేరదు. అంతేకాదు, ఒంటరి మనిషి నడక తగ్గిస్తాడు, సరిగా నిద్రపోడు, వేళకు తినడు, రక్తపోటు మాత్ర మరచిపోతాడు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆయనలో మొదటి మార్పు వచ్చిన రోజున దాన్ని గమనించే మనిషి పక్కన ఉండడు.

ఇందులో ఒక జాగ్రత్త చెప్పడం నా ధర్మం. ఒంటరితనం వల్ల మాత్రమే ఈ వ్యాధి వస్తుందని ఎవరూ అనలేదు. వ్యాధి తొలిదశలో మనిషి తనంతట తానే నలుగురికీ దూరం కావడం కూడా ఉన్నది. కాబట్టి ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం. నిండు కుటుంబం మధ్య, నిత్యం భజనల్లో గడిపినవారికి కూడా ఇది రావచ్చు. వచ్చిన ఇంటివారిని నిందించడం అన్యాయం.

ఇక మన తెలుగునేలపై జరిగిన ఒక పరిశోధన గురించి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, మనం నిమ్స్ అని పిలిచే ఆసుపత్రిలో, డాక్టర్ సువర్ణ అల్లాడి, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను పరిశీలించారు. వారిలో 391 మంది ఒకటికి మించిన భాషలు మాట్లాడేవారు. ఒకే భాష తెలిసినవారిలో వ్యాధి సగటున 61.1 ఏళ్ళకు మొదలైతే, రెండు లేదా అంతకు మించిన భాషలు మాట్లాడేవారిలో 65.6 ఏళ్ళకు మొదలైంది. తేడా నాలుగున్నర ఏళ్ళు. బడికి పోనివారిలో కూడా ఈ తేడా కనిపించింది. ఈ ఫలితాలు 2013లో న్యూరాలజీ పత్రికలో వెలువడి ప్రపంచం దృష్టిని ఆకర్షించాయి. ఆ తరువాత అన్ని దేశాల పరిశోధనలూ ఒకే మాట చెప్పలేదు. అయినా ఇంట్లో తెలుగు, బజారులో దక్కనీ ఉర్దూ, కచేరీలో ఇంగ్లీషు మాట్లాడిన హైదరాబాదు మనిషి మెదడుకు ఆ మాటల మార్పిడి ఒక వ్యాయామమై ఉండవచ్చునన్నది ఆలోచించదగిన విషయం.

ఇందులో మీకొక సందేశం ఉన్నది. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు మీకు ఈ దేశం ఇచ్చింది. తెలుగు ఇంటినుంచి వచ్చింది. దాన్ని వదులుకుంటే మీ మేధస్సుకు ఎంత నష్టమో నేను కొలిచి చెప్పలేను గాని, మీ అవ్వకు కలిగే నష్టం మాత్రం స్పష్టం. ఆమెకు వచ్చిన భాష ఒక్కటే. మీరు అందులో మాట్లాడలేకపోతే, ఆమెతో మాట్లాడగలిగినవారి సంఖ్యలో మీరొకరు తగ్గినట్టే.

మరి ఏం మాట్లాడాలి? దీనికి మన సాహిత్య సంప్రదాయమే ఒక దారి చూపుతుంది. అవధానం తెలుగువారు ఎంతో మక్కువతో పెంచుకున్న విద్య. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది ప్రశ్నించేవారు కూర్చుంటారు. వారిని పృచ్ఛకులు అంటారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, ఒకరు అక్షరాలను నిషేధిస్తూ పద్యం చెప్పమంటారు. ఒకరు నడుమ నడుమ గంట మోగిస్తారు, ఎన్ని గంటలు మోగాయో చివర లెక్క చెప్పాలి. ఇంకొకరు అప్రస్తుత ప్రసంగంతో నవ్విస్తూ ఏకాగ్రతకు పరీక్ష పెడతారు. అంతా అయ్యాక అవధాని అన్ని పద్యాలనూ తిరిగి అప్పజెబుతాడు. దానినే ధారణ అంటారు. తిరుపతి వేంకట కవులు ఈ విద్యను ఊరూరా ప్రదర్శించి జనానికి చేరువ చేశారు.

అవధాని ధారణను మెచ్చుకుని మనం ఇంటికి వస్తాం. పృచ్ఛకులను మరచిపోతాం. కాని పృచ్ఛకులు లేనిదే అవధానం లేదు. అడిగేవారు ఉన్నారు కనుకనే చెప్పడం ఉన్నది. మన ఇంట్లోని పెద్దల జ్ఞాపకం కూడా అటువంటిదే. అడగని జ్ఞాపకం మూలన పడిన ఇత్తడి బిందెలా నల్లబడుతుంది.

మన ఫోన్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. బాగున్నావా, తిన్నావా, మందులు వేసుకున్నావా, డబ్బు అందిందా? నాలుగింటికీ ఆమె జవాబు ఒక్క మాట, ‘ఆఁ’. ఆ తరువాత ఫోను నాన్నగారి చేతికి పోతుంది. ఈ పలకరింపులో ప్రేమ ఉన్నది, సంభాషణ లేదు. ఈ తేడా ముఖ్యమైనదని చూపే ప్రయోగం ఒకటి అమెరికాలోని ఆరెగాన్, మిషిగన్ రాష్ట్రాలలో జరిగింది. 75 ఏళ్ళు దాటి, మనుషుల కలయిక తక్కువగా ఉన్న 186 మందిని రెండు జట్లుగా చేశారు. రెండు జట్లకూ వారానికొకసారి పది నిమిషాల యోగక్షేమపు ఫోను వచ్చేది. ఒక జట్టుకు మాత్రం అదనంగా వారానికి నాలుగు సార్లు, అరగంట చొప్పున, శిక్షణ పొందినవారు వీడియోలో సంభాషణ జరిపారు. ఆరు నెలల తరువాత ఆ జట్టువారికి మేధాశక్తి పరీక్షలో కొంత మెరుగైన ఫలితం వచ్చింది. తేడా చిన్నదే. ఇది వ్యాధిని నయం చేసే మందు కాదు. కాని ఆ తేడా తెచ్చింది అరగంట మాట.

మీకు జీతం తీసుకునే శిక్షకులు అవసరం లేదు. ఒక మంచి ప్రశ్న చాలు. సంగటి ముద్ద గడ్డ కట్టకుండా ఎలా కెలకాలి అని అడగండి. ఆవకాయకు కాయను ఎలా ఎంచుతారు, ఏ పాళ్ళలో కారం, ఆవపిండి కలుపుతారు అని అడగండి. కోనసీమవారైతే, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తమ ఊరివారు ఏ దారిన వెళ్ళేవారో అడగండి. ఊళ్ళో గంగమ్మ జాతరకు ఎవరింటినుంచి ఏమి వచ్చేదో అడగండి. మీ ముత్తాతల పేర్లు, పొలాల పేర్లు, ఎద్దుల పేర్లు అడగండి. చెబుతున్నప్పుడు ఎదురు ప్రశ్న వేయండి. నడుమ అప్రస్తుత ప్రసంగం చేసి నవ్వించండి. మీ సంగతులు కూడా చెప్పి ఆమె సలహా కోరండి. సలహా అడిగించుకున్న మనిషి తనకింకా పని ఉన్నదని అనుకుంటుంది. ఇక్కడ శుక్రవారం ఉదయం 8 గంటలైతే అక్కడ 10:30. టిఫినులు ముగిసి వంట మొదలయ్యే లోపు అరగంట తీరిక దొరికే సమయం అది. మీ తెలుగు తడబడినా ఫరవాలేదు. తప్పు దిద్దే అవకాశం ఆమెకు ఇవ్వడం కూడా సంభాషణే.

పృచ్ఛకుడు వేరు, పరీక్షాధికారి వేరు. ఇప్పటికే జ్ఞాపకం దెబ్బతిన్న పెద్దవారిని ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడగకండి. జవాబు దొరకనప్పుడు కలిగే అవమానం వారికి తెలుస్తుంది. ‘అవ్వా, నేను నీ మనుమరాలిని’ అని ముందుగా మీరే చెప్పండి. చనిపోయిన తాతగారు ఇంకా రాలేదేమని ఆమె అడిగితే వాదించకండి, ఆయన కథ ఒకటి చెప్పమనండి. కొత్త సంగతులు జారిపోయినా పాత పాట, పాత పద్యం, మంగళహారతి చాలాకాలం నిలుస్తాయి. కలిసి పాడండి.

కొన్ని గుర్తులను మాత్రం తేలికగా తీసుకోరాదు. పేరు మరచి తరువాత గుర్తు తెచ్చుకోవడం వయసు లక్షణం. అడిగిన ప్రశ్ననే పది నిమిషాలలో పలుమార్లు అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, చిల్లర లెక్క తప్పడం, ఏళ్ళ తరబడి చేసిన వంటలో వరుస మరవడం, నగలు దొంగిలించారని ఇంటివారిని అనుమానించడం, ఇవి కనిపిస్తే వైద్యునికి చూపించాలి. ‘ముసలితనం’ అని ఊరుకుంటే నష్టం. థైరాయిడ్ లోపం, దిగులు వ్యాధి, కొన్ని మందుల ప్రభావం, విటమిన్ బి12 కొరత కూడా మతిమరుపులా కనిపిస్తాయి. శాకాహారులైన పెద్దలలో ఈ బి12 కొరతను ప్రత్యేకంగా చూడాలి. వీటికి చికిత్స ఉన్నది. చెవుల పరీక్ష తప్పక చేయించాలి. మీరు సెలవుకు వెళ్ళినప్పుడు తీసుకుపోయే కానుకలలో, అవసరమున్నవారికి, వినికిడి యంత్రం మొదటిది కావాలి. భారతదేశంలో వృద్ధుల సహాయానికి 14567 అనే నంబరు ఉన్నది. ఊళ్ళో ఉన్న బంధువులకు దాన్ని తెలియజేయండి.

సంఘానికి కూడా ఒక విన్నపం. పూర్వం గుడి మండపం దైవదర్శనానికి మాత్రమే కాదు, సాయంకాలం పెద్దలు కూర్చునే చోటుగానూ ఉండేది. పురాణ కాలక్షేపంలో వినేవారు ఉండేవారు, ఆక్షేపించేవారు ఉండేవారు, ఒకనాడు రాకపోతే ఏమైందని కబురు పంపేవారు ఉండేవారు. ఆ కబురు పంపే పనిని మనం తిరిగి చేపట్టగలం. మన సభ్యుల కుటుంబాలలో ఒంటరిగా ఉన్న పెద్దల జాబితా ఒకటి తయారుచేద్దాం. ప్రతి యువకుడూ, ప్రతి యువతీ తమ సొంత పెద్దలకు తోడు మరొకరిని స్వీకరించి వారానికొక అరగంట మాట్లాడాలి. ఫ్లాట్లలో ఉన్న అమ్మమ్మలను, మామ్మలను ఒక ఇంటికి చేర్చి వారానికొకసారి కూర్చోబెట్టడానికి ఒక వాహనం, ఒక ఫ్లాస్కు కాఫీ చాలు.

ఈ వఫ్రాను కూడా మరవద్దు. మనం వచ్చినప్పుడు ప్రసాదపు పొట్లాలు తెచ్చి పంచుతున్నాం, సంతోషం. యజమానుల అనుమతితో మజ్రాలలోని మనవారిని కలిసి, వారి పక్కన కూర్చుని, ఊరి సంగతులు అడుగుదాం. యాభై దాటినవారికి రక్తపోటు, మధుమేహం పరీక్షలు జరిగాయో లేదో కనుక్కుందాం. వారు ఊరికి తిరిగి వెళ్ళేటప్పుడు ఫోను నంబరు తీసుకుని, వెళ్ళిన నెలకు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి పలకరిద్దాం. ఆయన కువైట్ కథలు ఊళ్ళో అర్థం చేసుకునేవారు తక్కువ. మీకు అర్థమవుతాయి. ఆయనకు దొరికే ఉత్తమ పృచ్ఛకులు మీరే.

మీలో ప్రతి ఒక్కరూ ఈ వారం ఒక ప్రశ్న సిద్ధం చేసుకోవాలి. ‘ఆఁ’ అని ఒక్క మాటలో జవాబు చెప్పడానికి వీలులేని ప్రశ్న అయి ఉండాలి. వచ్చే శుక్రవారం అవ్వకో, జేజికో, అమ్మమ్మకో, తాతయ్యకో ఫోను చేసి అది అడగండి. అడిగి, జవాబు ముగిసేదాకా వినండి.

స్వస్తి.